జర్మనీ రోజువారీ సంగతులు: సీసాల డబ్బు, రంగురంగుల చెత్తడబ్బాలు, చలిలో కిటికీలు, మూసేసిన ఆదివారాలు. ఇవన్నీ ఎలా నడుస్తాయి?

బందరు_టు_మాగ్డెబర్గ్ (ప్రశ్న)

అన్నలకీ అక్కలకీ నమస్తే. అక్టోబర్‌లో వింటర్ సెమిస్టర్‌కి మాగ్డెబర్గ్ వస్తున్నాను. బ్లాక్డ్ అకౌంటు (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసే ఖాతా), ఇన్సూరెన్సు, వీసా అపాయింట్‌మెంటు గురించి ఇక్కడ బోలెడు థ్రెడ్లున్నాయి, చదివేశాను. నేను అడిగేది ఆ తర్వాతి సంగతి. సీనియర్లు గ్రూపుల్లో నవ్వుకుంటూ చెప్పే వింతలుంటాయి కదా. ఖాళీ సీసా మెషీన్‌లో పెడితే డబ్బులొస్తాయట. చెత్తకి రంగుకో డబ్బా అట. మంచు పడుతున్నా కిటికీలు బార్లా తెరుస్తారట. ఆదివారం ఊరంతా మూసేస్తారట. రోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా ఎర్ర లైటు పడితే జనం కదలరట. వినడానికి సరదాగానే ఉంది. కానీ ఏది ఎలా చెయ్యాలి, ఎందుకలా చేస్తారు, తప్పు చేస్తే ఏమవుతుంది అన్నది ఎవరూ పూర్తిగా చెప్పరు.

మేం నలుగురం కలిసుండే ఫ్లాట్. వంట రోజూ ఉంటుంది. తాలింపు పెడితే ఫైర్ అలారం మోగుతుందేమోనని ఒక భయం. ఇంకోటి, నా పాస్‌పోర్టులో పేరు మూడు ముక్కలు, ఇంటిపేరు విడిగా ఉంది. దానితో అక్కడ చిక్కులేమైనా వస్తాయా? వివరంగా చెప్పండి, ఎంత పొడుగైనా చదువుతాను.

ఎల్బే_గట్టు

సీసాలతో మొదలుపెడతా చెల్లీ, దిగిన రోజే ఎదురయ్యేది అదే. నీళ్ల సీసా మీద ఉన్న ధర కంటే కౌంటర్లో 25 సెంట్లు ఎక్కువ పడుతుంది. అది సీసా మీద డిపాజిట్టు, ఇక్కడ ఫాండ్ అంటారు. సీసా వెనక్కిస్తే మొత్తం తిరిగొస్తుంది. షెల్ఫ్ చీటీలో ధర కింద చిన్న అక్షరాల్లో అదీ రాసే ఉంటుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకీ టిన్నులకీ 25 సెంట్లు. కడిగి మళ్లీ నింపే సీసాలకి తక్కువ: మామూలు బీరు సీసాకి 8, మినరల్ వాటర్, కూల్‌డ్రింకుల గాజు సీసాలకీ దళసరి ప్లాస్టిక్ సీసాలకీ 15. క్రేటుతో కొంటే క్రేటుకి విడిగా 1.50 యూరోలు. అంటే ఆరు పెద్ద నీళ్ల సీసాల కట్ట కొంటే డిపాజిట్టే 1.50, ఇరవై సీసాల బీరు క్రేటు మీద 3.10. నలుగురున్న ఇంట్లో ఓ నెల సీసాలు మూలన పడి ఉంటే ఒకరి వారం కూరగాయల డబ్బు అక్కడ నిలబడిపోయినట్టే.

వైన్ సీసా, అట్టపెట్టెలో వచ్చే పాలు, జామ్ సీసా, నూనె సీసా, వీటికి డిపాజిట్టు లేదు. 2003లో ఈ పద్ధతి వచ్చినప్పుడు బీరు, నీళ్లు, సోడాలాంటి వాటికే ఉండేది. 2022 నుంచి ప్లాస్టిక్ సీసాల జ్యూసులూ, 2024 నుంచి ప్లాస్టిక్ సీసాల్లో పాలూ కలిశాయి. అందుకే పాత బ్లాగుల్లో రాసింది నమ్మి జ్యూసు సీసా పారెయ్యకు. సీసా మీద బొమ్మ చూడు: సీసా, టిన్ను, వాటి పక్కన వంగిన బాణం గుర్తు. అది ఉంటే 25 సెంట్లు ఖాయం. పక్క దేశంలో కొన్న సీసాకి ఇక్కడ రాదు.

మెషీన్ సూపర్‌మార్కెట్ లోపలే, ఎక్కువగా గుమ్మం దగ్గరో డ్రింకుల విభాగం పక్కనో ఉంటుంది. సీసాని అడుగు ముందుగా పడుకోబెట్టి లోపలికి తోస్తే, అదే తిప్పి బార్‌కోడ్ చదువుకుంటుంది. ఇక్కడే మనవాళ్లు పొరపాటు చేస్తారు. మన దగ్గర ఖాళీ సీసా నలిపి పారెయ్యడం మంచి అలవాటు, ఇక్కడ అదే నష్టం. నలిగినా, లేబుల్ చిరిగినా, లోపల ఏమైనా మిగిలినా మెషీన్ వెనక్కి తోసేస్తుంది. మూత ఉన్నా ఫర్వాలేదు. నలిగిన సీసా మీద ఆ బొమ్మ కనిపిస్తుంటే షాపులో మనిషికి చూపించు, తీసుకోవాల్సిందే. అన్నీ వేశాక బటన్ నొక్కితే చీటీ వస్తుంది. అదే షాపు కౌంటర్లో ఇస్తే బిల్లులో తగ్గిస్తారు, ఏమీ కొనకపోయినా నగదు ఇస్తారు. చీటీ జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోవడం అందరూ చేసే పని, పర్సులో ముందు వైపు పెట్టుకో.

బయట తాగేసిన సీసా మోసుకెళ్లే ఓపిక లేకపోతే చెత్తడబ్బాలో వెయ్యకు, డబ్బా పక్కన నేల మీద నిలబెట్టు. సీసాలు ఏరుకుని బతికే ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెత్తలో చెయ్యి పెట్టాల్సిన అవసరం రాకూడదని ఊరంతా పాటించే మర్యాద ఇది.

ఇక చెత్త. రంగులు ఊరిని బట్టి కాస్త మారతాయి, మీ ఊరి చెత్త క్యాలెండరు మునిసిపాలిటీ సైట్లో ఉంటుంది. మామూలుగా పసుపు ప్యాకింగ్‌కి, నీలం కాగితాలకి, గోధుమ రంగు కూరగాయల తొక్కలకి, నలుపో బూడిద రంగో మిగతా చెత్తకి. గాజుకి వీధి చివర పెద్ద కంటెయినర్లు.

పసుపులో పడేది ప్లాస్టిక్ వస్తువు కాదు, ప్యాకింగ్. ఈ తేడా పట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది. పెరుగు డబ్బా, నూడిల్స్ కవరు, టిన్ను, పాల అట్టపెట్టె పసుపులోకి. విరిగిన బకెట్టు, పాత టూత్‌బ్రష్ చాలా ఊళ్లలో నల్ల డబ్బాలోకే. పెరుగు డబ్బా కడగక్కర్లేదు, చెంచాతో గీరితే చాలు. కానీ పైన అల్యూమినియం రేకు పూర్తిగా చింపి విడిగా వెయ్యి. చెత్త వేరుచేసే కేంద్రంలో ప్లాస్టిక్‌ని పరారుణ కాంతితో, అల్యూమినియాన్ని అయస్కాంత ప్రభావంతో విడదీస్తారు. రెండూ అతుక్కుని ఉంటే ఏ యంత్రానికీ సరిగ్గా చిక్కదు. డబ్బాలు ఒకదాంట్లో ఒకటి దూర్చకూడదన్నదీ ఇందుకే.

కాగితంలా కనిపించినా నీలంలో వెయ్యకూడనివి మూడు: షాపు బిల్లు, వాడిన టిష్యూ, నూనె అంటిన పిజ్జా పెట్టె. బిల్లు వేడికి రంగు మారే పూత ఉన్న కాగితం, రీసైక్లింగ్‌కి పనికిరాదు. ఈ మూడూ నల్ల డబ్బాలోకి. గోధుమ డబ్బాలోకి తొక్కలు, టీపొడి వెళ్తాయి, వండిన అన్నం, కూరలు వెయ్యొచ్చా అన్నది ఊరిని బట్టి. ప్లాస్టిక్ కవరుతో సహా మాత్రం వెయ్యకు. మట్టిలో కలిసిపోతుందని రాసున్న కవర్లని కూడా చాలా ఊళ్లలో ఒప్పుకోరు, పాత పేపర్లో చుట్టి వెయ్యి. వేపుళ్లు చేశాక మిగిలిన నూనె సింకులో పొయ్యొద్దు, ఖాళీ డబ్బాలో పోసి మూత బిగించి నల్ల డబ్బాలోకి.

గాజులో తెలుపు, ఆకుపచ్చ, గోధుమ మూడు రంగులు. నీలం, ఎరుపు సీసాలు ఆకుపచ్చలో వేస్తారు, పరాయి రంగు కలిసినా ఎక్కువ తట్టుకునేది అదే. పగిలిన తాగే గ్లాసు, పింగాణీ ప్లేటు ఇక్కడ వెయ్యకూడదు. అవి కరిగే వేడి వేరు, కొద్దిగా కలిసినా కొత్త సీసాలో లోపంగా మిగులుతుంది. వాటిని పేపర్లో చుట్టి నల్లదాంట్లోకి. కంటెయినర్ మీద వేళలు రాసుంటాయి, రాత్రిళ్లూ ఆదివారాలూ గాజు వెయ్యకూడదు, చప్పుడు గురించి. బ్యాటరీలకి సూపర్‌మార్కెట్లోనే పెట్టె ఉంటుంది.

తప్పు చేస్తే ఏమవుతుందని అడిగావు కదా. చెత్త బండివాళ్లు ఆ డబ్బా ఖాళీ చెయ్యకుండా స్టిక్కర్ అంటించి వదిలేస్తారు. మళ్లీ ప్రత్యేకంగా తీయించిన ఖర్చు బిల్డింగ్ మొత్తం మీద పడుతుంది. పక్కింటావిడ వచ్చి నీకు చెప్పడానికి కారణం అదే, మన మీద కోపం కాదు. వివరంగా చూపించమని అడిగితే సంతోషంగా చూపిస్తారు.

పోపులపెట్టె

కిటికీలు, హీటరు, వంటిల్లు మూడూ ఒకటే సంగతి చెల్లీ, అందుకే కలిపి చెప్తాను. ఇక్కడి ఇళ్లు గాలి చొరబడకుండా కడతారు. కిటికీ మూస్తే నిజంగానే మూసుకుపోతుంది. అన్నం ఆవిరి, స్నానం ఆవిరి, ఆరేసిన బట్టల తడి, మన ఊపిరి, అన్నీ లోపలే ఉండిపోతాయి. వెచ్చటి గాలి తేమని ఎక్కువ పట్టుకుంటుంది. అది చల్లటి గోడమూలకి తగలగానే నీరై, అక్కడే నల్ల బూజు పడుతుంది. బూజు పట్టిందంటే ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్టులోంచి కోస్తారు. ఆ డిపాజిట్టు మూడు నెలల అద్దె దాకా ఉండొచ్చు, చిన్న మొత్తం కాదు.

పద్ధతి ఇది. రోజుకి మూడు నాలుగుసార్లు కిటికీ పూర్తిగా బార్లా తెరువు, వీలైతే ఎదురు కిటికీ కూడా. చలికాలంలో 5 నిమిషాలు చాలు, వసంతంలో, శరత్తులో 10 నుంచి 15. గాలి మారుతుంది, గోడలు, సామాన్లు చల్లబడవు, కాబట్టి కిటికీ మూయగానే గది మళ్లీ వెచ్చబడుతుంది. ఇక్కడి కిటికీ పైభాగం లోపలికి వంగేలా సగం తెరుచుకుంటుంది కూడా. మనవాళ్లు అది చూసి ముచ్చటపడి చలికాలమంతా అలాగే వదిలేస్తారు. దానివల్ల గాలి సరిగ్గా మారదు సరికదా, కిటికీ చుట్టూ గోడ రోజంతా చల్లబడి బూజు అక్కడే మొదలవుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోండి, ఖరీదేమీ కాదు. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మంచిది. వంట అవ్వగానే, స్నానం అవ్వగానే తెరవడం అలవాటు చేసుకుంటే చాలు.

కిటికీ తెరిచే ముందు హీటరు తిప్పుడు బిళ్ల నక్షత్రం గుర్తుకి తిప్పెయ్. లేకపోతే ఆ బిళ్లకి చల్లగాలి తగిలి గది చల్లబడిందనుకుని పూర్తిగా తెరుచుకుంటుంది, వేడంతా వీధిలోకి. ఆ బిళ్ల మీద అంకెలు మంట హెచ్చుతగ్గులు కావు, గది ఎంత వేడెక్కాక ఆగాలన్నది చెప్పేవి. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, ఒక్కో అంకెకి 4 డిగ్రీల తేడా. నక్షత్రం అంటే 6 డిగ్రీల దగ్గర, గొట్టాలు గడ్డకట్టకుండా. గది తొందరగా వేడెక్కాలని 5 పెడితే తొందరగా ఎక్కదు, ఆగకుండా 28 దాకా వెళ్తుంది, అంతే. ఆ బిళ్ల ముందు కర్టెన్ గానీ మంచం గానీ అడ్డం ఉండకూడదు. అక్కడ వేడి నిలిచిపోయి, గది చల్లగా ఉన్నా హీటరు ఆగిపోతుంది.

ఇప్పుడు తాలింపు. పొగ అలారం పడకగదుల్లో, బయటికి వెళ్లే నడవలో తప్పనిసరి. వంటింట్లో మామూలుగా ఉండదు. ఇది గుర్తుపెట్టుకుంటే పరిష్కారం దానంతటదే వస్తుంది: పొగ వస్తే వంటింటి తలుపు మూసెయ్, కిటికీ తెరువు. మనవాళ్లు కంగారులో సరిగ్గా తిరగేసి చేస్తారు, తలుపు తెరుస్తారు, పొగ నడవలోకి వెళ్లి అలారం మోగుతుంది. హాస్టల్ బిల్డింగుల్లో కొన్నిటికి అలారం నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటుంది. బండి వచ్చి వెళ్తే ఆ ఖర్చు కట్టమనొచ్చు.

పొగే రాకుండా చెయ్యడం ఇంకా మేలు. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ గానీ రిఫైన్డ్ రేప్‌సీడ్ నూనె గానీ వాడు, గానుగ నూనెలు తొందరగా పొగలేస్తాయి. పొయ్యి 9 అంకెలదైతే 6 దాటించకు. ఆవాలు చిటపటలాడగానే గిన్నె పొయ్యి మీంచి పక్కకి దించి, అప్పుడు జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వెయ్యి, ఆ నూనె వేడికే వేగిపోతాయి. గాజు పలక పొయ్యి స్విచ్ ఆపినా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, ఆపేశాను కదా అని గిన్నె దాని మీదే వదిలేస్తే మిర్చి మాడి ఇల్లంతా దగ్గులు. పైన ఫ్యాను వంటకి ముందే వేసుకోవాలి. అది గొట్టం ద్వారా బయటికి తోసేదా, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదిలేదా చూసుకో. రెండో రకం జిడ్డు పడుతుంది, వాసన కొంత తగ్గిస్తుంది, ఆవిరిని మాత్రం ఏమీ చెయ్యదు. అప్పుడు కిటికీ ఒక్కటే దారి.

కుక్కర్ గురించి: ఫ్లాట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే మన మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద వేడెక్కదు. అడుగుకి అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది. పెట్టెలో పెట్టేముందు ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి పరీక్ష చెయ్యి. గాజు పలక పొయ్యి అయితే అల్యూమినియం పనిచేస్తుంది, అడుగు సమంగా ఉండాలి, గిన్నె ఈడ్చకూడదు, గీతలు పడితే అవీ డిపాజిట్టు లెక్కలోకొస్తాయి. రబ్బరు గాస్కెట్లు రెండు అదనంగా తెచ్చుకో.

బందరు_టు_మాగ్డెబర్గ్

అక్కా, తలుపు మూసెయ్యమన్న మాటకి వంద దండాలు, నేనైతే తెరిచేదాన్నే. ఇంకో రెండు అడుగుతాను. మిక్సీ తెచ్చుకోవచ్చా? ఆదివారం మిక్సీ వేస్తే పక్కవాళ్లు గొడవ చేస్తారా? చలికాలంలో ఇడ్లీపిండి పొంగదంటారు, నిజమా? పేరు సంగతి కూడా ఎవరైనా చెప్పరూ.

పోస్టుడబ్బా

పేరు సంగతి నేను చెప్తానండీ. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ కొత్తగా వచ్చినవాళ్లకి ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

జర్మనీలో చిరునామాలో ఫ్లాట్ నంబరు మామూలుగా ఉండదు. వీధి పేరు, ఇంటి నంబరు, పిన్‌కోడ్, ఊరు, అంతే. ఒకే ఇంటి నంబరులో ఇరవై కుటుంబాలుంటే ఉత్తరం ఎవరిదో పోస్టువారికి తెలిసేది పోస్టుడబ్బా మీది పేరుని బట్టే. మీ పేరు అక్కడ లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. ఇక్కడ బ్యాంకు కార్డు ఒక ఉత్తరంలో, దాని పిన్ మరో ఉత్తరంలో వస్తాయి. హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు, పన్ను నంబరు, అన్నీ పోస్టులోనే. పేరు చీటీ అతికించడం ఒక్కరోజు ఆలస్యమైనా వీటిలో ఏదో ఒకటి తిరిగి వెళ్లిపోవచ్చు. తాళాలు చేతికొచ్చిన రోజే డబ్బా మీదా, కాలింగ్ బెల్ మీదా పేరు పెట్టండి. అద్దె బిల్డింగుల్లో ఒకే తీరు పలకలు కావాలంటారు, అవి వచ్చేదాకా కాగితం మీద రాసి టేపు వేసుకుంటానని మేనేజర్‌కి చెప్పండి.

ఏ పేరు రాయాలంటే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే, అదే స్పెల్లింగుతో. మన ఊళ్లో ఇంటిపేరు ఒక్క అక్షరం చేసి ముందు పెట్టుకుంటాం, పిలిచేది అసలు పేరుతో. ఇక్కడ ఆఫీసుల్లో, డాక్టరు దగ్గర, ఉత్తరాల్లో అంతా ఇంటిపేరుతోనే పిలుస్తారు. వెయిటింగ్ రూములో మీ ఇంటిపేరు జర్మన్ యాసలో వినిపిస్తే అది మీరేనని గుర్తుపట్టాలి, చాలామందికి నాలుగైదుసార్లు పిలిచినా తెలియదు. డబ్బా మీద ఇంటిపేరు మొత్తం, పక్కన మొదటి పేరు తొలి అక్షరం చాలు. నలుగురి పేర్లూ ఒకే డబ్బా మీద పట్టాలి కదా. బ్యాంకులో ఒకలా, ఇన్సూరెన్స్‌లో ఒకలా, యూనివర్సిటీలో ఒకలా ఇవ్వకండి. మూడు ముక్కల పేరులో ఒకచోట ఒక ముక్క వదిలేస్తే, ఆ ఆఫీసు కాగితం ఈ ఆఫీసులో చెల్లదు.

చేరిన రెండు వారాల్లోగా ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టుతోపాటు ఇంటి యజమాని సంతకం చేసిన నివాస ధ్రువపత్రం కావాలి. అద్దె ఒప్పందం వేరు, ఇది వేరు, ఒప్పందం చూపిస్తే సరిపోదు. అక్టోబర్‌లో విద్యార్థులంతా ఒకేసారి దిగుతారు కాబట్టి అపాయింట్‌మెంట్లు దొరకవు, ఇండియాలో ఉండగానే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఆ నమోదు అయ్యాక పదకొండంకెల పన్ను నంబరు దానంతటదే ఇంటికొస్తుంది.

దాని వెనకే రేడియో, టీవీ రుసుము ఉత్తరం కూడా వస్తుంది. ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాలి. నెలకి 18.36 యూరోలు, మనిషికి కాదు, ఇంటికి. మీ నలుగురికి పంచితే తలా 4.59. ఒకరి పేరు మీద కట్టి, మిగతా ముగ్గురూ ఆ రుసుము ఖాతా నంబరు రాసి జవాబు పంపాలి. ఎవరో ఆకతాయి ఉత్తరమనుకుని పక్కన పడేస్తే, చేరిన నెల నుంచి లెక్కగట్టి ఆలస్య రుసుముతో పంపిస్తారు. హాస్టల్లో మాత్రం చూసుకోండి: అందరూ తిరిగే నడవలోకి నేరుగా తెరుచుకునే గది అయితే ఆ గదినే ఒక ఇల్లుగా లెక్కిస్తారు.

పార్సిల్ వచ్చినప్పుడు మీరు లేకపోతే పక్కింట్లో ఇచ్చి, మీ డబ్బాలో చీటీ వేస్తారు. చీటీ మీద పేరు చూసుకుని సాయంత్రం వెళ్లి తెచ్చుకోవడమే. వాళ్లవి కూడా మీ దగ్గరికి వస్తుంటాయి. ఇరుగుపొరుగుతో పరిచయానికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఓరుగల్లు_పోరడు

చెల్లె, ఆదివారం ముచ్చట నేను చెప్త. ఆదివారం దుకాణాలు బందుండుడు ఇక్కడ ఆనవాయితీ ఒక్కటే కాదు, రాజ్యాంగంలనే ఉన్నది. 1919 వైమార్ రాజ్యాంగం నుంచి ఆదివారం విశ్రాంతి మాట తీసుకొని ఇప్పటి రాజ్యాంగంల 140వ అధికరణంల పెట్టిన్రు. సూపర్‌మార్కెట్లు, బట్టల షాపులు అన్ని బందు. రైల్వే స్టేషన్ల దుకాణాలు, పెట్రోల్ బంకులు, పొద్దున కొన్ని గంటలు బేకరీలు తెరిచి ఉంటయ్, ధర జెర ఎక్కువ. శనివారం సాయంత్రం లోపల పాలు, కూరగాయలు, గుడ్లు తెచ్చుకోవాలె. నువ్వు అక్టోబర్ల దిగుతున్నవ్ కాబట్టి ఇది రాసి పెట్టుకో: అక్టోబర్ 3 దేశమంత సెలవు, అక్టోబర్ 31 మీ సాక్సనీ అన్‌హాల్ట్ రాష్ట్రంల సెలవు, జనవరి 6 కూడ మీ దగ్గర సెలవే. డిసెంబర్ 24 మధ్యాహ్నం నుంచి బందు పడితే 26 దాటేదాక తెరవరు. దాని పక్కకే ఆదివారం వచ్చిందంటే నాలుగు రోజుల సామాను ఒక్కసారే తెచ్చుకోవాలె.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక నిశ్శబ్దం. ఆదివారం దినమంత అట్లనే. డ్రిల్లింగ్, సుత్తె కొట్టుడు అస్సలు వద్దు. బట్టల మిషన్ వెయ్యొచ్చా లేదా అన్నది ఇంటి నియమాల కాగితంల ఉంటది, మెట్ల దగ్గర అంటిస్తరు, ఒకసారి ఫోన్ల ఫొటో తీసి అనువాదం చేసి చదువు. మధ్యాహ్నం 1 నుంచి 3 దాక కూడ చప్పుడు వద్దని కొన్ని ఇళ్లల్ల ఉంటది.

షాపుల కౌంటర్ మీద వాళ్ల వేగం చూసి బెదరకు. బెల్టు మీద బరువైనవి ముందు పెట్టు, మెత్తటివి వెనక. నీ సామాన్ల వెనక అడ్డు కర్ర పెట్టు, పెట్టకపోతే వెనకాయన సామాను నీ బిల్లుల పడ్తది. స్కాన్ అయినయి అయినట్టు మళ్ల బండిల వేసుకో, పైసలు కట్టు, సంచిల సర్దుకునేది పక్క బల్ల మీద. సంచి ఇంటి నుంచే తెచ్చుకో, లేకుంటే అక్కడ కొనాలె. బండికి 50 సెంట్లో 1 యూరో నాణెమో కావాలె, బండి తిరిగి పెడ్తే నాణెం వస్తది. కొన్ని షాపుల్ల పండ్లు, కూరగాయలు మనమే తూచి చీటీ అంటించాలె, అందుకే తూకం మిషన్ కూరగాయల కాడ కనిపిస్తే ముందే తూచుకో.

ఎర్ర లైటు: దాటితే 5 యూరోల జరిమానా, అది పెద్ద ముచ్చట కాదు. పక్కన చిన్న పిల్లలుంటే మాత్రం ఎవ్వరు కదలరు, పిల్లలు చూసి నేర్చుకుంటరని. నువ్వు గూడ ఆగు. మీ ఊర్ల లైటుల ఉండే మనిషి బొమ్మకు టోపీ ఉంటది చూడు. అది 1961ల తూర్పు బెర్లిన్‌ల కార్ల్ పెగ్లావ్ అనే ట్రాఫిక్ మనస్తత్వ నిపుణుడు గీసింది. తూర్పు, పశ్చిమ జర్మనీలు కలిసినంక తీసేద్దమంటే జనం ఒప్పుకోలే, తూర్పు రాష్ట్రాలల్ల ఇప్పటికీ ఉన్నది. నడిచేటోళ్లు సైకిల్ బాట మీద నడవద్దు, వెనక నుంచి గంట కొడ్తరు. సైకిల్ మీద ఎర్ర లైటు దాటితే 60 నుంచి మొదలు, ఫోన్ పట్టుకుంటే 55.

ట్రాముల, రైలుల గేట్లు ఉండయ్, టికెట్ చెకింగ్ ఎప్పుడన్న వస్తది. టికెట్ లేకుంటే 60 యూరోలు. స్టూడెంట్ టికెట్ ఉండి మర్చిపోయినవంటే తర్వాత చూపిస్తే 7 యూరోలతోని పోతది, అందుకే ఆ కాగితం పారెయ్యకు. జర్మనీ టికెట్ అంటే దేశమంత తిరిగే నెలవారీ టికెట్, అది ఐసీఈ, ఐసీ అనే దూరం పోయే రైలు బండ్లల్ల చెల్లదు, ప్రాంతీయ బండ్లల్లనే. నెలనెల టికెట్ వద్దనుకుంటే 10వ తారీఖు లోపల రద్దు చెయ్యాలె.

కాలేజీల క్లాసు టైము పక్కన "సి.టి." అని ఉంటే పావుగంట తర్వాత మొదలు, 9 అంటే 9:15. "ఎస్.టి." ఉంటే కచ్చితంగ 9. క్లాసు అయినంక చప్పట్లు కొట్టరు, బల్ల మీద వేళ్ల కణుపులతోని కొడ్తరు, అది మెచ్చుకోలు. ఇగ మార్కులు: 1.0 అన్నిటికన్న మంచిది, 4.0 పాస్, 5.0 ఫెయిల్. కోర్సుకు చేరుడు వేరు, పరీక్షకు పేరు ఇచ్చుడు వేరు. గడువు దాటితే సెమిస్టర్ అంత చదివినా పరీక్ష రాయనియ్యరు. ఈ ఒక్కటి మాత్రం మర్చిపోకు చెల్లె.

పోపులపెట్టె

మిక్సీ తెచ్చుకో చెల్లీ. ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. తేడా ప్లగ్గులో. మన మూడు పిన్నుల ప్లగ్గు ఇక్కడి గుంటలో పట్టదు. ప్రయాణాలకి అమ్మే చవక అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు, అవి ఫోన్ ఛార్జర్ వరకే. మిక్సీకి, రైస్ కుక్కర్‌కి ఎర్త్ ఉన్నదే కొనుక్కో, మీద ఎన్ని ఆంపియర్లో చదువు. ఇండియా ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కెటిలు, రైస్ కుక్కరు ఒకేసారి పెట్టొద్దు, తీగ వేడెక్కుతుంది. ఆదివారం మిక్సీ గురించి: పగలు ఒకట్రెండు నిమిషాలు చట్నీ తిప్పితే ఎవరూ ఏమీ అనరు. జార్ కింద మడతపెట్టిన తువ్వాలు పెడితే బల్ల అదురు కింది ఫ్లాటుకి పోదు. పిండి రుబ్బడం మాత్రం శనివారం మధ్యాహ్నం పెట్టుకో.

ఇడ్లీపిండి పొంగుతుంది, వెచ్చదనం ఇస్తే. దానికి 28 నుంచి 32 డిగ్రీలు కావాలి, మన గది 20. ఓవెన్‌లో దీపం ఒక్కటే వెలిగే అంకె ఉంటే అది వేసి, పిండి గిన్నె లోపల పెట్టి తలుపు మూసెయ్. ఆ బల్బు వేడి చాలు. బల్బు విడిగా వెలగని ఓవెన్ అయితే 50 డిగ్రీల మీద రెండు మూడు నిమిషాలు వేసి, ఆపేసి, అప్పుడు గిన్నె పెట్టు. గ్లాసు మినపప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ, గిన్నెలో సగానికి మించకూడదు, మూత బిగించకు. 12 నుంచి 16 గంటలు పడుతుంది. ఓవెన్ తలుపు మీద "పిండి ఉంది" అని చీటీ అంటించు. నలుగురున్న ఇంట్లో ఎవరో ఒకరు పిజ్జా కోసం చూడకుండా 220కి తిప్పేస్తారు.

ఉప్మా రవ్వ ఇక్కడి సూపర్‌మార్కెట్లోనే దొరుకుతుంది. మెత్తరకం గోధుమ రవ్వ అయితే జావైపోతుంది, గట్టి గోధుమ రవ్వ అని రాసున్నది తీసుకుని దోరగా వేయించు, పొడిపొడిగా వస్తుంది. తెల్లగా పెరుగులా కనిపించే క్వార్క్ పెరుగు కాదు, మజ్జిగ చేస్తే పలచబడదు, ముద్దలు కడుతుంది. 3.5 శాతం కొవ్వున్న మామూలు యోగర్ట్ తీసుకుని, అందులో చెంచాడు గోరువెచ్చటి పాలలో వేసి ఆ ఓవెన్‌లోనే తోడుపెట్టుకో. కందిపప్పు, చింతపండు, పచ్చిమిర్చి ఏషియన్, టర్కిష్ దుకాణాల్లో దొరుకుతాయి. వాటి కోసం పెట్టె బరువు పెంచకు.

పెట్టెలో పెట్టకూడనివి కూడా విను, అమ్మకి ముందే చెప్పు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి, పనీరు, కోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, అన్నీ కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకుకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, అది లేకుండా తేవద్దు, కరివేపాకు పొడి చేయించుకో. ఆవకాయ, గోంగూర, చింతకాయ తేవచ్చు. చెక్-ఇన్ సామాన్లో పెట్టు, చేతి సామాన్లో నూనె ఉన్న సీసాని సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. సీసా మూత కింద ప్లాస్టిక్ కాగితం బిగించి, టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో వేసి, పెట్టె మధ్యలో బట్టల నడుమ నిలబెట్టు. నూనె పైకి తేలేంత నిండుగా నింపొద్దు, రెండు వేళ్ల ఖాళీ వదులు.